పిల్లల మెయింటెనెన్స్: ఏ ఖర్చు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

"స్కూలు ఫీజు మొత్తం నేనే కట్టాను, మళ్లీ నెలనెలా డబ్బెందుకు?" అని ఆయన. "ఫీజు కడితే పిల్ల కడుపు నిండుతుందా?" అని ఆమె. విడిగా ఉంటున్న భార్యాభర్తల మధ్య ఎక్కువగా వినిపించే గొడవ ఇదే. ఒక్కోసారి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటుంది. కానీ కోర్టు చూసేవి రెండే: ఆర్డర్‌లో ఏం రాసి ఉంది, డబ్బు ఏ దారిలో వెళ్లింది. ఈ రెండూ సరిగా లేకపోతే లక్షలు ఖర్చు పెట్టినవాళ్లు కూడా బకాయిదారులుగా నిలబడాల్సి వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క ఎలా వేసుకోవాలో మొదటి నుంచి చూద్దాం. డబ్బు కట్టేది తండ్రి అనుకుని రాస్తున్నాను, ఎక్కువ కేసుల్లో అంతే కాబట్టి. బిడ్డ తండ్రి దగ్గర ఉండి తల్లి సంపాదిస్తుంటే ఇదే లెక్క తిరగేసి చదువుకోండి.

మొదటి మెట్టు: మీ కేసు ఏ చట్టం కిందో తెలుసుకోండి

మెయింటెనెన్స్, భరణం, మనోవర్తి... పేరు ఏదైనా దారులు కొన్ని. ఎక్కువమంది వెళ్లేది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 దారిలో. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 144 వచ్చింది. మతంతో పని లేదు, వివాహేతర సంబంధంలో పుట్టిన బిడ్డకూ వర్తిస్తుంది. విడాకులైన ముస్లిం తల్లికి ఇద్దత్ కాలం (విడాకుల తర్వాత ఆగాల్సిన సుమారు మూడు నెలలు) వరకే హక్కు అన్న వాదన బిడ్డకు అడ్డం రాదని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చేసింది. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అడగొచ్చు. విడాకులతో సంబంధం లేకుండా 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 ఉంది. గృహహింస చట్టంలోనూ సెక్షన్ 20 కింద పిల్లలకు డబ్బు ఇప్పించవచ్చు.

ఏ చట్టం అన్నది ఎందుకు ముఖ్యమంటే, బిడ్డ ఖర్చు అనే మాటకు హద్దు అక్కడే ఉంది. 1956 చట్టం మనోవర్తిలో తిండి, బట్ట, నివాసం, చదువు, వైద్యం చేర్చింది. పెళ్లికాని కూతురికైతే పెళ్లి ఖర్చు కూడా, మితంగా. బీఎన్‌ఎస్‌ఎస్ 144 అలా జాబితా ఇవ్వదు, నెలకు ఇంత అని ఒక అంకె ఇస్తుంది. అంకె ఒకటే ఉన్నచోట అందులో ఏం కలిసి ఉందో తర్వాత తగాదా వస్తుంది.

రెండో మెట్టు: బిడ్డ ఖర్చు పట్టీ రాయండి

మన దేశంలో జీతంలో ఇంత శాతం బిడ్డకు అన్న స్థిరమైన ఫార్ములా లేదు. 25 శాతం అన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. కొన్ని కేసుల్లో సుప్రీంకోర్టు ఆ అంకెను వాడిన మాట నిజం. అయితే అవి భార్య భరణం గురించినవి, పైగా అది అందరికీ వర్తించే రూలు కాదు. ఇక్కడ పనిచేసేది పట్టీ.

2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పు ఇప్పుడు అన్ని మెయింటెనెన్స్ కేసులకూ ఆధారం. బిడ్డ జీవన వ్యయంలో తిండి, బట్టలు, ఇల్లు, వైద్యం, చదువు వస్తాయని అందులో చెప్పారు. చదువుకు తోడుగా ఉండే కోచింగ్ క్లాసులు, వృత్తి శిక్షణ కూడా లెక్కలోకి తీసుకోవాలన్నారు. కాకపోతే అది సమంజసంగా ఉండాలి, ఆడంబరంగా అడిగితే కుదరదు. మన దగ్గర ఈ వాక్యానికి చాలా విలువ ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ వేలకు వేలు కట్టించుకునే ఊళ్లు మనవి. తండ్రి రిక్షా తొక్కుతుంటే ఏసీ క్యాంపస్ ఫీజు ఇప్పించరు. కలిసి ఉన్నప్పుడే ఇద్దరూ ఇష్టపడి చేర్చిన స్కూలైతే, విడిపోయాక "ఆ స్కూలు ఖరీదెక్కువ" అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

పట్టీలో సంవత్సరానికి ఒకసారి వచ్చే ఖర్చును 12తో భాగించి నెలకు తెచ్చుకోవాలి. ఒక ఊహా లెక్క చూద్దాం. ఎనిమిదో తరగతి పాప. తల్లి, అమ్మమ్మలతో అద్దె ఇంట్లో ఉంటుంది. స్కూలు ఫీజు ఏడాదికి 72,000, అంటే నెలకు 6,000. బస్సు 1,500. పుస్తకాలు, యూనిఫాం కలిపి 1,000. ట్యూషన్ 1,500. తిండి 4,500. అద్దె 12,000, ఇంట్లో ముగ్గురు కాబట్టి పాప వాటా 4,000. బట్టలు, పండగ ఖర్చు 1,000. మందులు, డాక్టరు 500. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌లో వాటా 1,000. మొత్తం నెలకు 21,000.

చాలామంది తల్లులు ఫీజు రశీదులు జతచేసి ఊరుకుంటారు. అద్దెలో, కరెంటులో బిడ్డ వాటా రాయరు. అక్కడే నెలకు నాలుగైదు వేలు పోతాయి. తండ్రులు చేసే పొరపాటు వేరు. ఫీజు ఒక్కటే ఖర్చు అనుకుంటారు. పై పట్టీలో ఫీజు మూడో వంతు కూడా లేదు.

మూడో మెట్టు: ఆదాయం లెక్క, ఇద్దరిదీ

పై తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఎదుటి పక్షానికి నాలుగు వారాల గడువు, ఆపైన వాయిదాలు రెండుకు మించకూడదు. ఆచరణలో లాగుతూనే ఉంటారు. అలా లాగితే అఫిడవిట్ ఇచ్చినవాళ్ల లెక్క మీదే కోర్టు ముందుకు వెళ్లొచ్చు.

తండ్రి జీతంలోంచి ఏం తీసేయాలన్నదే ఇక్కడ పెద్ద పేచీ. ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేస్తారు. కారు ఈఎంఐ, పర్సనల్ లోన్, చిట్టీ వాయిదా, ఎల్‌ఐసీ, తనంతట తాను పెంచుకున్న పీఎఫ్... ఇవన్నీ సొంత నిర్ణయాలు. వీటిని తీసేసి "చేతికి వచ్చేది పదిహేను వేలే" అంటే సాధారణంగా ఒప్పుకోరు. కేసు పడ్డాక కొత్తగా తీసుకున్న లోనైతే అసలు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం మానేశానన్న మాట కూడా ఒక్కటే చాలదు. ఒళ్లు బాగున్నవాడు కష్టపడైనా పోషించాలని సుప్రీంకోర్టు 2022లో అంజూ గార్గ్ కేసులోనూ మళ్లీ అంది.

వ్యవసాయం చేసేవాళ్లకు రజనీష్ తీర్పులోనే వేరే నమూనా అఫిడవిట్ ఉంది: భూమి ఎంత, పంట ఏది, పశువులు, అప్పులు. పట్టాదారు పాస్‌బుక్, ఆంధ్రలో మీభూమి అడంగల్, తెలంగాణలో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి రికార్డు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) ఇక్కడ పనికొస్తాయి. కౌలుకు ఇచ్చిన పొలం కౌలు కూడా ఆదాయమే.

తల్లి సంపాదిస్తుంటే? చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లికి తగినంత ఆదాయం ఉంటే దామాషాగా పంచుకోవచ్చు అన్నది రజనీష్ తీర్పు. 2000లో పద్మజా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఒక్కో బిడ్డకు నెలకు 3,000 అని లెక్కగట్టి, తండ్రి ఆదాయం దాదాపు రెట్టింపు కాబట్టి తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు చొప్పున పంచింది. మన లెక్కకు అదే వాడదాం. తండ్రికి చేతికి 60,000, తల్లికి 30,000. అప్పుడు 21,000లో తండ్రి వాటా 14,000, తల్లి వాటా 7,000. బిడ్డను తన దగ్గర ఉంచుకుని చూసుకునే పనికి ఈ లెక్కలో విలువ కట్టలేదు. నా దృష్టిలో అది ఈ పద్ధతిలో ఉన్న లోపం. లాయరు చేత ఆ మాట వాదనలో చెప్పించండి.

నాలుగో మెట్టు: ఆర్డర్ వచ్చాక ఏది జమ అవుతుంది

అసలు తగాదా అంతా ఇక్కడే. కాస్త ఓపిగ్గా చదవండి.

స్కూలుకు నేరుగా కట్టిన ఫీజు. ఆర్డర్‌లో "నెలకు 14,000" అని మాత్రమే ఉంటే, ఫీజు నేరుగా కట్టి మిగతాది పంపే హక్కు తండ్రికి తనంతట తానుగా రాదు. తల్లి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా కోర్టు అనుమతి ఉండాలి. "ఫీజు తండ్రి నేరుగా స్కూలుకు కట్టాలి, దానికి అదనంగా నెలకు 8,000" అని ఉంటే తగాదా లేదు. పై లెక్కలో 6,000 ఫీజు తండ్రి చేతి మీదుగా పోతే 14,000లో మిగిలేది 8,000. దానికి తల్లి 7,000 కలిపితే 15,000. పట్టీలో ఫీజు పోగా మిగిలిన ఖర్చు కూడా సరిగ్గా అంతే. అదే "8,000తో పాటు ఫీజు" అన్న ఆర్డర్ పట్టుకుని "నేను ఫీజు కట్టాగా" అని ఆ 8,000లోంచి కోస్తే అది సూటిగా బకాయి.

కేసు ఇంకా నడుస్తుండగా ఇష్టపూర్వకంగా కట్టిన ఫీజు. దీనికి అఫిడవిట్‌లోనే చోటుంది. పిల్లల చదువుకు ఎవరైనా స్వచ్ఛందంగా ఇస్తున్నారా, మూడో మనిషి సాయం ఉందా అని అడుగుతారు. తండ్రి అక్కడ రశీదులతో సహా రాయాలి. మెయింటెనెన్స్ మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కవేసి ఇప్పిస్తారు కాబట్టి, వెనకటి బకాయి ఒకేసారి మీద పడుతుంది. మధ్యలో కట్టింది ముందే రికార్డులో ఉంటే, తుది ఆర్డర్‌లో దాన్ని సర్దమని అడగడం సులువు.

సైకిలు, ఫోను, పుట్టినరోజు గౌను, గొలుసు. ఇవి బహుమతులు. జమ కావు. బిడ్డకు ప్రేమతో కొన్నదాన్ని తర్వాత కౌంటర్‌లో (కోర్టుకిచ్చే జవాబులో) పద్దుగా రాయడం చూస్తే నాకు చిరాకేస్తుంది.

సుకన్య సమృద్ధి, బిడ్డ పేరు మీద ఎఫ్‌డీ, ఎల్‌ఐసీ. సుకన్య ఖాతాలో ఏడాదికి 1,50,000 దాకా వేయొచ్చు, మంచి పనే. కానీ అది పొదుపు. ఈ నెల పాలప్యాకెట్ ఆ డబ్బుతో రాదు. సెటిల్‌మెంట్‌లో రాసుకుంటే తప్ప నెలసరి మొత్తానికి బదులు కాదు.

హెల్త్ ఇన్సూరెన్స్, ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి అయి బిడ్డ పేరు కార్డులో ఉంటే వైద్యం పద్దు తగ్గుతుంది. మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు ఆ మాట చెప్పుకోవచ్చు. కార్డు కాపీ తల్లి చేతిలో లేకపోతే మాత్రం అది ఉన్నా లేనట్టే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం నెలకు 2,812.50 చొప్పున రీయింబర్స్ అవుతుంది. బిడ్డ పేరు చెప్పి వచ్చే డబ్బు అది. జీతం స్లిప్‌లో నెలనెలా కనపడదు కాబట్టి తల్లి తరఫువాళ్లు విడిగా అడగాలి.

తల్లికి వందనం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు తల్లి ఖాతాలో 13,000 పడుతోంది. అఫిడవిట్‌లో చూపించాల్సిందే. కానీ ప్రభుత్వం ఇచ్చే సాయం తండ్రి బాధ్యతను తీర్చదు. తాతయ్య కట్టిన ఫీజైనా అంతే.

ఇంటి ఈఎంఐ. తల్లీబిడ్డా ఉంటున్న ఫ్లాటుకు తండ్రి ఈఎంఐ కడుతుంటే, పట్టీలో అద్దె వాటా ఉండకూడదు. ఈ వాదన ఆర్డర్‌కు ముందు చేయాలి. ఆర్డర్ వచ్చాక "ఈఎంఐ కడుతున్నా కదా" అని సొంతంగా కోసుకోవడం కుదరదు.

బిడ్డ తండ్రి దగ్గర గడిపిన రోజులు. బ్రిటన్‌లో ఏడాదికి 52 రాత్రులు, ఆపైన ఉంటే తగ్గింపు మొదలవుతుంది. అక్కడున్న బంధువులు చెప్పగా విని ఇక్కడా అలాగే అనుకుంటారు. మన చట్టంలో ఆ లెక్క లేదు. వేసవి సెలవుల్లో నెలంతా పాప తండ్రి దగ్గరే ఉన్నా, ఆర్డర్‌లో లేకపోతే ఆ నెల డబ్బు ఆపకూడదు. ఎందుకంటే ఇంటి అద్దె, ఫీజు ఆ నెలలోనూ ఆగవు. బిడ్డను చూపించడం లేదని డబ్బు ఆపడం, డబ్బు రాలేదని బిడ్డను చూపించకపోవడం, రెండూ కోర్టు ముందు నిలవవు. దేనికదే వేరే పిటిషన్.

తల్లికి ఎక్కువ పంపిన డబ్బు. ఆర్డర్‌లో తల్లికి ఇంత, బిడ్డకు ఇంత అని విడివిడిగా ఉంటాయి. ఒకరి పద్దులో ఎక్కువ వేసి ఇంకొకరి పద్దులో తగ్గిస్తే లెక్క చిక్కుపడుతుంది.

రెండు కోర్టుల్లో రెండు ఆర్డర్లు. గృహహింస కేసులో బిడ్డకు 5,000, ఫ్యామిలీ కోర్టులో 8,000 వచ్చాయనుకోండి. మొదటి ఆర్డర్ సంగతి రెండో కోర్టుకు చెప్పడం తప్పనిసరి. అక్కడ సర్దుబాటు అడగాలి. చెప్పకుండా దాచినవాళ్లకూ, అడగకుండా ఊరుకున్నవాళ్లకూ ఇబ్బందే.

ఐదో మెట్టు: డబ్బు వెళ్లే దారి

సివిల్ డిక్రీ (1956 చట్టం లాంటి సివిల్ దారిలో వచ్చిన ఆర్డర్) అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లోని మొదటి రెండు రూల్స్ గుర్తుంచుకోండి. డబ్బు కోర్టులో డిపాజిట్ చేయాలి, లేదా బ్యాంకు, మనీఆర్డర్ ద్వారా, లేదా రాతపూర్వక ఆధారం ఉండే పద్ధతిలో ఇవ్వాలి. కోర్టు బయట ఇచ్చింది రికార్డు చేయించకపోతే, అమలు పిటిషన్ (ఈపీ) విచారించే కోర్టు దాన్ని గుర్తించదు. 144 కేసుల్లోనూ ఇదే జాగ్రత్త మంచిది. మేనమామ చేతికి ఇచ్చిన క్యాష్, పెద్దమనుషుల ముందు ఇచ్చిన కట్ట, ఇవన్నీ ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు.

అందుకని ఆర్డర్‌లో రాసిన ఖాతాకే పంపండి. యూపీఐ అయితే నోట్‌లో నెల, బిడ్డ పేరు, మెయింటెనెన్స్ అని రాయండి. ఫీజు, మందులు నేరుగా కడితే రశీదు ఫొటో అదే రోజు తల్లికి పంపండి. తల్లి కూడా నెలవారీగా ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని ఒక పుస్తకంలో రాసుకోవాలి. వచ్చింది రాలేదని చెప్పి దొరికిపోతే మిగతా మాటకూ విలువ పోతుంది.

ఆరో మెట్టు: రాజీ అయితే ఏం రాయించుకోవాలి

పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు ఎక్కువమంది ఒక పెద్ద మొత్తం రాసేసి, "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని సంతకాలు పెడతారు. తల్లి తన హక్కు వదులుకోవచ్చు గానీ, బిడ్డ హక్కును వదిలేసే అధికారం ఆమెకు లేదు. కాబట్టి అలాంటి వాక్యం తండ్రికి కూడా రక్షణ కాదు.

ఫీజు ఎవరు, ఎప్పటిలోగా, ఎవరికి కట్టాలో రాయండి. ఏటా ఎంత శాతం పెరగాలో రాయండి. ఆపరేషన్ లాంటి హఠాత్తు ఖర్చును ఏ వంతున పంచుకోవాలో, స్కూలు మార్చాలంటే ఎవరి ఒప్పుకోలు కావాలో రాయండి.

అన్నిటికన్నా ముఖ్యం 18 ఏళ్ల గీత. 144 కింద ఆరోగ్యంగా ఉన్న కొడుకుకు మైనారిటీ తీరేదాకే. మన పిల్లలు ఇంటర్ ముగించేది సరిగ్గా ఆ వయసులోనే. ఇంజినీరింగ్ ఫీజు మొదలయ్యే సమయానికి ఆర్డర్ అయిపోతుంది. అందుకే రాజీ పత్రంలో "డిగ్రీ పూర్తయ్యే వరకు" అని ఉండాలి. పెళ్లికాని కూతురి సంగతి వేరు. తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే 18 దాటినా 1956 చట్టం సెక్షన్ 20(3) కింద అడగొచ్చని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 144 దారిలో అది దొరకదు.

ఏడో మెట్టు: బకాయి పడితే, పరిస్థితి మారితే

144 ఆర్డర్ బకాయికి వారంట్ పిటిషన్ ఏడాదిలోగా వేయాలి. ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు పడొచ్చు. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోతుందని ఊళ్లలో అంటుంటారు, అది తప్పు. జైలు అనేది వసూలుకు ఒక పద్ధతి మాత్రమే, బాకీ అలాగే ఉంటుందని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఏడాది దాటితే వారంట్ దారి మూసుకుపోతుంది గానీ, బకాయి మీద హక్కు మాత్రం పోదని 2013లో పూంగోడి తీర్పు. సివిల్ డిక్రీ అయితే జీతం అటాచ్ చేయించవచ్చు. మామూలు అప్పులకంటే మెయింటెనెన్స్‌కు ఎక్కువ భాగం పట్టుకోవచ్చు, జీతంలో మూడో వంతు మాత్రమే మినహాయింపు.

ఉద్యోగం నిజంగా పోయిందా, జబ్బు చేసిందా? కట్టడం ఆపేసి ఇంట్లో కూర్చోకండి. బీఎన్‌ఎస్‌ఎస్ 146 కింద తగ్గించమని వెంటనే పిటిషన్ వేయండి. కోర్టు మార్చేదాకా పాత అంకె నడుస్తూనే ఉంటుంది. ఫీజులు పెరిగినప్పుడు తల్లి పెంచమని అడిగేదీ అదే సెక్షన్ కింద.

తండ్రి విదేశంలో ఉంటే అఫిడవిట్‌లో ఆదాయం ఆ దేశపు కరెన్సీలోనే చూపాలి, ఖర్చులు కూడా. డాలర్లను రూపాయల్లోకి మార్చి "నెలకు ఆరు లక్షలు" అనేసరికి అంకె పెద్దగా కనిపిస్తుంది. అక్కడి అద్దె, పన్ను అఫిడవిట్‌లో చూపించడం ఆయన బాధ్యత. ఇక్కడి ఆర్డర్ అమెరికాలో తనంతట తాను అమలు కాదు. ఇక్కడ ఆయన పేరున ఉన్న ఫ్లాటు, పొలం, బ్యాంకు ఖాతా వివరాలు అఫిడవిట్ దశలోనే రికార్డుకు ఎక్కిస్తే వసూలుకు దారి ఉంటుంది.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడే తల్లులకు ఒక మాట. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేకుండానే ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు బిడ్డ బర్త్ సర్టిఫికెట్, ఏడాది ఫీజు రశీదులు, అద్దె అగ్రిమెంటు, పైన చెప్పినట్టు రాసిన ఖర్చు పట్టీ తీసుకెళ్లండి.